వారంలో ఎన్ని రోజులు?

(మన సంఘ వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో చదువు గూర్చి, స్కాలర్‌షిప్పుల గూర్చి, పెళ్ళిళ్ళలో దుబారా గూర్చి మాట్లాడుకుంటున్నాము. అవన్నీ అవసరమైన సంగతులే. ఈసారి కార్యదర్శి గారు నన్ను పిలిచి "డ్రిల్ సార్, మీరు వ్యాయామం మీద నాలుగు మాటలు చెప్పాలె" అన్నారు. నేను ఉపన్యాసకుణ్ణి కాను. ముప్ఫయి నాలుగేండ్లు బడి మైదానంలో విజిల్ ఊదినవాణ్ణి. మాటలో తప్పులుంటే మన్నించవలసిందిగా మనవి.

ముందుగా నా తప్పు ఒకటి మీ అందరి ముందు ఒప్పుకుంటాను. రిటైరైన నాడు విజిల్ తీసి గోడకు తగిలించినాను. దానితోపాటే నా ఒంటిని కూడ కుర్చీకి తగిలించినాను. పొద్దున పేపరు, రెండు చాయలు, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం టీవీ. మసీదు మా ఇంటికి రెండు వందల గజాలుంటుంది. అక్కడికి కూడ స్కూటరు మీదనే పోయేవాణ్ణి. రెండేండ్లు తిరగకముందే ఒక ఉచిత వైద్య శిబిరంలో రక్తం పరీక్ష చేసి "షుగర్ ఉన్నది సార్" అన్నారు. వేలమంది పిల్లలచేత సావధాన్, విశ్రామ్ చేయించినవాణ్ణి. నాకు మాత్రం విశ్రామ్ ఒక్కటే మిగిలింది.

ఇది చిన్న తప్పు. పెద్ద తప్పు ఇంకొకటి ఉన్నది. మా ఇంట్లో ఆమెకు మోకాళ్ళ నొప్పులు. డాక్టరు వద్దకు తీసుకొనిపోతే ఆయన "రోజూ ఏమైనా నడుస్తారా అమ్మా?" అని అడిగినాడు. ఆమె నోరు తెరిచేలోగానే నేను జవాబు చెప్పినాను: "ఇంటి పని అంతా చేస్తది గద సార్, అదే వ్యాయామం." డాక్టరు ఏమీ అనలేదు, రాసుకున్నాడు. బయటికి వచ్చి ఆటో ఎక్కేటప్పుడు ఆమె కాలు ఎత్తలేక నా భుజం పట్టుకుని నిలబడింది. నిలబడి, మెల్లగా అన్నది: "బడి పిల్లలందరికీ చెప్పిండ్రు. నాకెప్పుడన్న ఒక్కనాడు చెప్పిండ్రా?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఈనాటి ఈ ప్రసంగం ఆమెకు నేను ఆలస్యంగా ఇచ్చే జవాబని అనుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నేను మీ అందరినీ ఒకే ప్రశ్న అడుగుతున్నాను. వారంలో ఎన్ని రోజులు వ్యాయామం చేస్తారు? "చేస్తారా?" అని అడిగితే అందరూ చేస్తామనే అంటారు. "ఎన్ని రోజులు?" అంటే మాత్రం తడుముకుంటారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడు ఊళ్ళలోనూ నాకు ఎక్కువగా దొరికిన జవాబు ఒక్కటే: "అప్పుడప్పుడు నడుస్తుంట సార్." ఈ అప్పుడప్పుడు అనే మాట బహు ప్రమాదకరమైనది. అందులో రంజాన్ తర్వాత నాలుగు రోజులు, డాక్టరు భయపెట్టిన తర్వాత పది రోజులు, చలికాలంలో ఒక వారం, అన్నీ ఇమిడిపోతవి.

ఈ జాడ్యం మనది మాత్రమే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2024లో ప్రకటించిన లెక్క ప్రకారం మన దేశంలో 2000 సంవత్సరంలో తగినంత శారీరక శ్రమ లేని పెద్దలు నూటికి 22 మంది. 2022 నాటికి వారు నూటికి 49 మంది అయినారు. అందులో మగవారు నూటికి 42, ఆడవారు నూటికి 57. ఈ చివరి అంకెను గుర్తు పెట్టుకోండి. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం దేశంలో షుగరు వ్యాధిగ్రస్తులు సుమారు 10 కోట్ల మంది. పైగా మన దేశస్థులకు ఈ వ్యాధి పాశ్చాత్యులకంటె చిన్న వయసులోనే, అంత లావు లేకున్నా కూడ వస్తుంది. "నేను సన్నగున్న, నాకేం?" అనే ధైర్యం పనికిరాదు.

మన పాలమూరు సీమకు ఈ గతి పట్టిందంటే ఆశ్చర్యం కలుగుతుంది. పాలమూరు లేబర్ అంటే దేశమంతటా పేరున్నది. ఎక్కడెక్కడి ఆనకట్టలకో, కాలువలకో మట్టి తవ్వి, తట్టలు మోసినవారు ఇక్కడి జనమే. మన పెద్దలలో హమాలీ పని చేసినవారున్నారు, బండ్లు తోలినవారున్నారు, గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరిగినవారున్నారు. మా అబ్బా సంతకు పదిమైళ్ళు నడిచి పోయి, నడిచే వచ్చేవాడు. ఆయనను ఎవరైనా "వ్యాయామం చేస్తారా?" అని అడిగితే నవ్వి ఉండేవాడు. పని వేరు, వ్యాయామం వేరు అనే మాట ఆ తరానికి తెలియదు.

అట్లని ఆ రోజులు బంగారమని నేను చెప్పను. ఆ శ్రమలో తిండి చాలలేదు, విశ్రాంతి లేదు; నలభై ఏండ్లకే నడుము వంగినవారిని చూసినాను. ఈనాటికీ పల్లికాయ బస్తాలు మోసే హమాలీ సోదరుడికి నేను ఇంకా నడవమని చెప్పను. అతనికి కావలసింది బరువు ఎత్తేటప్పుడు నడుము వంచక మోకాళ్ళు వంచే పద్ధతి, మధ్యలో విశ్రాంతి, కడుపునిండా తిండి. నా ప్రసంగం అతని కొరకు కాదు, అతని కొడుకు కొరకు. ఆ కొడుకు ఈనాడు దుకాణంలో కూర్చున్నాడు, ఆఫీసులో కూర్చున్నాడు, ఆటోలో కూర్చున్నాడు. 2016 అక్టోబరు 11న మన మూడు ఊళ్ళూ జిల్లా కేంద్రాలయినవి. సంతోషం. ఆఫీసులు పెరిగినవి, బండ్లు పెరిగినవి, వాటితోపాటు కుర్చీలు కూడ పెరిగినవి. తండ్రి చేసిన కష్టం కొడుకు వదిలిపెట్టినాడు, కాని తండ్రి తిన్న తిండి మాత్రం వదలలేదు.

కూర్చునే పనికీ, తిరిగే పనికీ ఎంత తేడా ఉన్నదో చెప్పడానికి ఒక ఉదాహరణ చెబుతాను. లండను నగరంలో రెండంతస్తుల బస్సులుండేవి. మన హైదరాబాదులో కూడ అటువంటివి తిరిగినవి, పెద్దవారికి జ్ఞాపకముండవచ్చు. జెర్రీ మోరిస్ అనే వైద్యుడు ఆ లండను బస్సుల సిబ్బందిని పరిశీలించి 1953లో ఒక సంగతి ప్రకటించినాడు. డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టికెట్లు కొట్టడానికి రోజుకు వందల మెట్లు ఎక్కి దిగుతాడు. కంపెనీ ఒకటే, బస్సు ఒకటే. కాని గుండెజబ్బు డ్రైవర్లకంటె కండక్టర్లలో తక్కువగా కనిపించింది. మన మూడు ఊళ్ళలోనూ ఆర్టీసీ డిపోలున్నవి. ఈ సభలో డిపో సోదరులు కూడ ఉన్నారు. ఆలోచించుకోవలసిందిగా కోరుతున్నాను.

మరి ఎంత చేయవలె? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ఇది. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు, వీలైతే 300 నిమిషాల వరకు, చురుకైన నడక వంటిది చేయవలె. పరుగు వంటి కష్టమైన వ్యాయామమైతే అందులో సగం చాలు. దానితోపాటు వారానికి రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు. 65 ఏండ్లు దాటినవారు పడిపోకుండ నిలదొక్కుకునే అభ్యాసం వారానికి మూడు రోజులు చేయవలె. పిల్లలకైతే రోజూ ఒక గంట ఆట.

150 నిమిషాలంటే భయపడవద్దు. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. వారంలో 168 గంటలున్నవి. అందులో రెండున్నర గంటలు. చురుకైన నడకకు గుర్తేమంటే, పక్కవాడితో మాట్లాడగలగాలి గాని పాట పాడలేకపోవాలి. పాట కూడ వస్తున్నదంటే అది షికారు, వ్యాయామం కాదు.

కొందరు యువకులు ఫోనులో అడుగులు లెక్క పెట్టుకుని, పదివేలు కాలేదని బాధపడుతున్నారు. ఆ పదివేల సంఖ్య వ్యాపారంతో ప్రచారంలోకి వచ్చినది. 1965లో జపానులో ఒక కంపెనీ అడుగులు లెక్కించే యంత్రం అమ్మడానికి దానికి "పదివేల అడుగుల మీటరు" అని పేరు పెట్టింది. 2025లో వచ్చిన పరిశోధనల సమీక్ష ప్రకారం సుమారు ఏడువేల అడుగులకే చాలావరకు మేలు కలుగుతున్నది. రెండువేలు నడిచేవాడు నాలుగువేలు నడిచినా లాభమే.

ఇక "రోజులు" అని నేను ఎందుకు పట్టుబడుతున్నానో చెబుతాను. మనం నడిచినప్పుడు కండరాలు రక్తంలోని చక్కెరను లాగుకుంటవి. ఆ గుణం నడక ఆపిన తర్వాత కూడ ఒకటి రెండు రోజులు, మహా అయితే మూడు రోజులు ఉంటుంది. తర్వాత పోతుంది. అందుకే షుగరున్నవారు వరుసగా రెండు రోజులకు మించి మానరాదని వైద్యులు చెబుతారు. ఆదివారం ఒక్కటే కుదిరేవారు దానిని మానవద్దు, అందులోనూ లాభమున్నట్లు ఇటీవలి పరిశోధనలు తెలుపుతున్నవి. కాని షుగరున్నవారికి రోజూ కొంచెం అన్నదే మేలు. అన్నం తిన్న తర్వాత పది పదిహేను నిమిషాలు నడిస్తే చక్కెర అంతగా ఎగబ్రాకదు. షుగరు అంచున ఉన్నవారు జాగ్రత్తపడితే ఏమవుతుందో చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ గారి బృందం పరిశీలించి 2006లో ప్రకటించింది. నడక, తిండిలో మార్పుల వలన షుగరు వచ్చే ప్రమాదం నాలుగో వంతుకు పైగా తగ్గింది. మందు బిళ్ళకు ఖర్చున్నది, నడకకు చెప్పుల అరుగుదల తప్ప ఖర్చు లేదు.

ఇప్పుడు మన అభ్యంతరాల సంగతి.

మొదటిది, "టైము లేదు." దీనికి జవాబు పైన చెప్పినాను. టీవీకి, ఫోనుకు దొరికిన టైము కాళ్ళకు దొరకదా?

రెండవది, "ఐదు పూటలు నమాజు చేస్తున్నాము, అదే వ్యాయామం" అని కొందరు పెద్దలంటారు. నమాజు ఇబాదత్. దానిని కసరత్తు లెక్కలో వేయడం నాకిష్టం లేదు. వంగి లేవడం వలన కీళ్ళకు మంచిదే, కాని గుండెకు కావలసిన నడక వేరు. నేను వేరొక సంగతి గమనించినాను. నా చిన్నతనంలో మసీదులో ఒకటో రెండో కుర్చీలుండేవి, బాగా ముసలివారికి. ఇప్పుడు వరుస చివర కుర్చీల వరుసే ఒకటి తయారవుతున్నది. అందులో నాకంటె చిన్నవారున్నారు. జబ్బుతో కూర్చునేవారిని నేను ఒక్క మాట అనను. కాని సజ్దాకు వంగే మోకాలు చివరిదాకా నిలవాలనుకునేవారు, ఆ మోకాలిని ముప్ఫయి ఏండ్లప్పటినుండే చూసుకోవాలె. మసీదుకు నడిచి పోవడం మన చేతిలో ఉన్న పని.

మూడవది, యువకుల సంగతి. పెళ్ళి కుదిరితే జిమ్ముకు మూడు నెలల ఫీజు కడుతున్నారు, మూడు వారాలు హాజరవుతున్నారు. వెనుకట తాలీంఖానాలలో ఉస్తాద్ ముందు దండీలు, బైఠకీలు తీసినవారికి అద్దము తక్కువ, క్రమము ఎక్కువ. జిమ్ము మంచిదే. కాని ఎవడో అమ్మే పొడులు, సూదులు నమ్మి కిడ్నీలు పాడుచేసుకోకండి. 1951, 1962 ఏషియాడ్‌లలో మన దేశానికి ఫుట్‌బాల్‌లో బంగారు పతకాలు తెచ్చిన జట్లకు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. ఆయన హైదరాబాదులో బడి పంతులే. ఆయన పేరు చెప్పి గర్వపడతాము, సరే. కాని గర్వంతో కాళ్ళు గట్టిపడవు.

ఎవరెవరు ఏ తీరుగా చేస్తున్నారో నేను చూసినవి కొన్ని చెబుతాను, పేర్లు చెప్పను.

వనపర్తిలో ఒక టైలరు భాయి ఉన్నాడు. వెనుకట కాళ్ళతో తొక్కే మిషను. ఇప్పుడు దానికి మోటారు వచ్చింది, కాళ్ళకు ఆ పని కూడ పోయింది. ఆయన గంటకొకసారి లేచి, పక్క హోటలు వదిలి దూరపు హోటలుకు చాయకు పోతాడు. దుకాణం మూసినాక నల్లచెరువు కట్ట మీద అరగంట నడుస్తాడు. శుక్రవారం సెలవు, మిగతా ఆరు రోజులు హాజరు.

నాగర్‌కర్నూలులో ఒక టీచరు ఆపా ఉన్నది. కేసరి సముద్రం కట్ట మీద నడిచే వీలున్నా, ఒంటరిగా పోవడానికి ఆమెకు ఇబ్బంది. డాబా మీద తిరుగుతుంది. ఒక గిన్నెలో చింతగింజలు పెట్టుకుని, ఒక్కొక్క చుట్టుకు ఒక్కొక్క గింజ ఇంకొక గిన్నెలో వేస్తుంది. గింజలన్నీ మారితే ఆనాటి పని అయిపోయినట్లు. ఆమె కోడలు కూడ ఇప్పుడు వెంట తిరుగుతున్నదట.

గద్వాలలో మగ్గం నేసే ఒక మిత్రుడు, గుంటలో కాళ్ళు పెట్టుకుని రోజంతా ముందుకు వంగి కూర్చుంటాడు. కాళ్ళు చేతులు ఆడుతూనే ఉంటవి, కాని నడుము, మెడ పట్టుకుంటవి. ఆయన పొద్దున, సాయంత్రం పది నిమిషాలు గోడకు వీపు ఆనించి చేతులు పైకెత్తి ఒళ్ళు విరుస్తాడు. తర్వాతనే నడక. పనిని బట్టి కసరత్తు మారుతుందని ఆయన నాకు నేర్పినాడు.

ఇక నాది. ఫజర్ తర్వాత నలభై నిమిషాల నడక, వారానికి ఆరు రోజులు. మంగళ, శుక్రవారాలు ఇంట్లోనే బలం కసరత్తు: చేతులు ఆనించకుండ కుర్చీలోనుండి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి పది దండీలు, నీళ్ళ సీసాలు రెండు చేతుల ఎత్తడం. పళ్ళు తోముకునేటప్పుడు గోడ దగ్గర ఒక్కొక్క కాలు మీద నిలబడతాను. వాడని కండ వయసుతో కరుగుతుంది. ముసలివారిని మంచానికి కట్టివేసేది చాలాసార్లు జబ్బు కాదు, ఒక్క పడిపోవడం.

జాగ్రత్తలు రెండు మూడు. మన ఎండలు తెలిసినవే. వేసవిలో సూర్యోదయానికి ముందే ముగించండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్ళు తిరగడం ఉంటే వెంటనే ఆపి డాక్టరును కలవండి. షుగరున్నవారు మెత్తని బూట్లు వేసుకుని, ఇంటికి వచ్చి పాదాలు చూసుకోవలె. ఇన్సులిన్ వాడేవారు రంజాన్ నెలకు ముందే డాక్టరును అడిగి రోజా, నడక రెండూ నిర్ణయించుకోవలె. మిగతావారు ఆ నెలలో పగటి ఎండలో కష్టపడక, ఇఫ్తారు తర్వాత తేలికగా నడవవచ్చు.

చివరి మాటకు వస్తున్నాను. నూటికి 57 మంది ఆడవారు అన్నాను. మన ఇండ్లలో ఆ అంకె అంతకంటె తక్కువని ఎవరైనా గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలరా? ఇంటి పని వ్యాయామం కాదని నేననను. తుడుపు, ఉతుకుడు శ్రమే. కాని పొయ్యి దగ్గర నిలబడి నిలబడి కాళ్ళు వాయడం ఆరోగ్యం కాదు. ఆ పనిలో ఆమె ఇష్టమున్న నిమిషం ఒక్కటి లేదు. నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబులులో, 2023లో ఢిల్లీలో ప్రపంచ బాక్సింగు ఛాంపియన్ అయితే మనమందరము మిఠాయిలు పంచుకున్నాము. ఆమెను మొదట మైదానానికి వెంట తీసుకొనిపోయింది ఆమె తండ్రి. మన ఇంటి ఆడవారిని మైదానానికి వెంట తీసుకొనిపోయేది ఎవరు? ఛాంపియన్ కావద్దు, ఆటో మెట్టు తనంతట తాను ఎక్కితే చాలు.

కావున సంఘ కార్యవర్గానికి మూడు మనవులు. ఒకటి, మూడు ఊళ్ళలోనూ బడి మైదానమో, ఫంక్షను హాలు ఆవరణమో మాట్లాడి, ఉదయమో సాయంత్రమో ఒక గంట స్త్రీలకు మాత్రమే కేటాయించేటట్లు చూడాలె. దీపాలు, తాగునీరు, ఒక పెద్దామె తోడు ఉంటే చాలు. రెండు, సంఘం ప్రతి ఇంటికీ ఇచ్చే క్యాలెండరులో నడిచిన రోజుకు ఒక గీత పెట్టుకోవడం అలవాటు చేయాలె. మూడు, వచ్చే వార్షిక సభనాడు భోజనాలకు ముందు బి.పి., షుగరు పరీక్ష పెట్టాలె. బిర్యానీ తర్వాత పెడితే ఎవరూ రారు.

నా సంగతి చెప్పి ముగిస్తాను. ఆటో దగ్గర ఆ మాట విన్న మరునాడే మేమిద్దరము వాకిట్లో పది నిమిషాలు నడిచినాము. పది నిమిషాలు ఇరవై కావడానికి మూడు నెలలు పట్టింది. నొప్పి పూర్తిగా పోలేదు. కాని ఈనాడు ఈ హాలు మెట్లు ఆమె కడ్డీ పట్టుకుని తనంతట తానే ఎక్కివచ్చింది, ఆడవారి వైపు కూర్చుని ఉన్నది. ఇంటికి పోయినాక నా ప్రసంగంలో తప్పులు చెబుతుంది.

వచ్చే ఏడు ఇదే సభలో ఇదే ప్రశ్న అడుగుతాను. వారంలో ఎన్ని రోజులు? అప్పుడు "అప్పుడప్పుడు" అనే జవాబు వద్దు. ఒక అంకె చెప్పండి. అది మూడైనా సరే, నిజమైన అంకె చెప్పండి.

అల్లాహ్ మనందరికీ ఆరోగ్యము, దానిని కాపాడుకునే బుద్ధి ప్రసాదించుగాక.